సిస్టరమ్మ గుంటకి జరిగిన సన్మానం

ఈ ఉదయం వంటింటి కిటికీ తెరవగానే బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంది. కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాలుకి రిబ్బను కత్తిరించడానికి ఎవరో పెద్దమనిషి మా కాలనీకి వస్తున్నాడట. రోడ్డుకి రెండు పక్కలా తెల్లగా గీతలు పోసేశారు. చెత్తకుప్ప ఎక్కడిది అక్కడే ఉంది, దాని చుట్టూ కూడా ఒక గీత పోశారు, పెళ్లిపీటల చుట్టూ ముగ్గేసినంత శ్రద్ధగా. నవ్వుకోవలసిన సంగతే కానీ నాకు నవ్వు రాదు. ఆ వాసన తగిలితే చాలు, ఒళ్లు మండిపోతుంది. “ఇంకా ఎన్నాళ్లు మోస్తావు ఆ కోపం” అంటాడు మా ఆయన. ఆయన అలా అనడానికి ఆయన కారణాలు ఆయనకి ఉన్నాయి, అవి ముందు ముందు మీకే తెలుస్తాయి. సిస్టరమ్మని చూడనివాళ్లకి ఆవిడ గురించి చెప్పాలంటే మాత్రం ఈ మంట దగ్గరే మొదలుపెట్టాలి.

మేం ఇక్కడికి వచ్చేసరికి నాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు, పాప చంటిది. మాది అమలాపురం పక్క పల్లె. మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, గాజువాక దాటాక కొండ కింద ఉన్న ఈ కాలనీలో మేడమీద వాటా అద్దెకి దొరికింది. ఇల్లుగలావిడ పేరు అప్పలనరసమ్మ. సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు, చిన్నా పెద్దా అందరికీ ఆవిడ సిస్టరమ్మే. భర్త పోర్టులో పనిచేస్తూ ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మనిషి పొట్టి, గొంతు గట్టి. వార్డంతా వినబడేలా మాట్లాడి అలవాటైన గొంతు కాబట్టి ఆవిడ కింద పాలవాడితో మాట్లాడితే మేడమీద మా పాప నిద్రలో ఉలిక్కిపడేది.

కాలనీ అంతా ఒకప్పుడు పల్లపు నేల. కొండమీద పడ్డ వాన, ఇక్కడివాళ్లు గెడ్డ అనే వాగులోకి దిగే దారి. స్థలాలు కొనుక్కున్నవాళ్లు ఎవరికి వాళ్లు లారీల కొద్దీ ప్లాంటు బూడిద పోయించి ఎత్తు చేసుకున్నారు. బూడిదకి ఈ చుట్టుపక్కల ఎన్నడూ కరువు లేదు కదా. సిస్టరమ్మ ముందు భాగం వరకే ఎత్తు చేయించి ఇల్లు కట్టుకుంది, వెనక పెరడుని దాని పల్లాన దాన్ని ఉండనిచ్చింది. చుట్టూ అందరూ ఎత్తయ్యేసరికి వాననీళ్లన్నీ ఆవిడ పెరట్లోకే వచ్చి నిలిచాయి. అందరూ అయ్యో పాపం అన్నారట. ఆవిడ చుట్టూ మట్టిగట్టు వేయించి, ఎక్కువైన నీళ్లు గెడ్డలోకి పోయేలా తూము పెట్టించి ఊరుకుంది. తుంగ దానంతట అదే మొలిచింది, కలువ ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. నీళ్లు చేరాక కప్పలు, కప్పలు చేరాక కొంగలు వచ్చాయి. కాలనీవాళ్లు దాన్ని మురికిగుంట అనేవారు. సిస్టరమ్మ “నా గుంట” అనేది, మనం మా ఇల్లు అన్నట్టే.

వచ్చిన కొత్తలో బట్టలు ఆరేయడానికి పెరట్లోకి దిగితే గట్టుమీద పాము సాగిపోతూ కనబడింది. నేను తడిబట్టల బకెట్టు అక్కడే పడేసి అరుచుకుంటూ ఇంట్లోకి పరుగెత్తాను. సిస్టరమ్మ తాపీగా వచ్చి ముందు ఆ బకెట్టు నిలబెట్టింది, తరవాత నా చెయ్యి పట్టుకుని మళ్లీ గట్టు దగ్గరికే తీసుకెళ్లింది. “ఏటమ్మా అలా వణికిపోతన్నావు? అది నీరుకట్టు. ఇసం లేదు దానికి. దాని పనిమీద అదెల్తంది, నీ పని నువ్వు సేసుకో” అంది. నా పని నేను చేసుకోలేకపోయాను. ఆవిడ అక్కడే పాత ఇనప స్టూలు మీద కూర్చోబెట్టి, పాము తుంగలో దూరి, తల మాత్రం నీటిమీద పెట్టి, కదలకుండా ఎంతసేపు ఉండగలదో నాకు చూపించింది. భయం పోయిందని చెప్పను కానీ, భయపడుతూనే చూడవచ్చని మాత్రం ఆ రోజు తెలిసింది.

అలా ఆ స్టూలుకి అలవాటు పడ్డాను. మా ఆయన షిఫ్టుకి వెళ్లిపోతే పాపని ఒళ్లో పెట్టుకుని సాయంత్రాలు అక్కడే. సిస్టరమ్మ షరతులు రెండే. మాట్లాడకూడదు, ఏమీ వెయ్యకూడదు. ఒకసారి నేను చేపలకి గుప్పెడు మరమరాలు విసిరితే ఆవిడ నా చేతిమీద ఒక్కటి వేసింది, ఇంజక్షను చేయించుకోనని మొరాయించే రోగిని కొట్టినట్టు. “మనం పెడితే తిని మన మొకం సూత్తాయి. అప్పుడు నువ్వు సూసేది సేపని కాదు, నీ మరమరాల్ని” అంది. లకుముకి పిట్ట మునగ కొమ్మమీంచి నీళ్లలోకి దూకి చేపతో పైకి లేవడం, దాన్ని కొమ్మకేసి బాదడం, తూనీగ తన పాత ఒంటిని తుంగకాడకి అంటించి వదిలేసి తడిరెక్కలతో బయటికి రావడం అన్నీ నేను ఆ స్టూలు మీంచే చూశాను. పాము కప్పని పట్టినప్పుడు నేను కర్ర తీస్తే ఆవిడ కర్ర లాగేసుకుంది. కప్ప మీద జాలి ఉంటే పాము మీద ఎందుకు లేదని నిలదీసింది.

ఏమీ చెయ్యకుండా వదిలేసిందనుకోకండి. వదిలెయ్యడం వేరు, ఉండనివ్వడం వేరు అనేది ఆవిడ. ఎండాకాలం నీళ్లు తగ్గాక, గూళ్లు ఖాళీ అయ్యాయని చూసుకున్నాక, తుంగలో సగం మాత్రమే కొడవలితో కోసేది. మిగతా సగం మరుసటి ఏడాదికి. కోసినదాన్ని వెంటనే పారెయ్యనిచ్చేది కాదు. నీటి అంచునే కుప్ప పెట్టించి ఒక రాత్రి ఉంచేది. పొద్దున చూస్తే నత్తలూ పురుగులూ ఆ కుప్పలోంచి పాక్కుంటూ తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయేవి. “డిశ్చార్జి సెయ్యకుండా పేషంటుని రోడ్డుమీదకి తోసేస్తామా?” అని నవ్వేది. అంత ఒద్దికగా జరిగేది ఆ పని. అదంతా చూసినదాన్ని కాబట్టే నాకు ఈ కోపం.

కాలనీ ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారు కృష్ణా జిల్లా మనిషి, ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మంచివారే, అసలు బాధ అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. ఇంటి ముందు ఎండుటాకు పడితే ఆయనకి అన్నం సహించదు. ఏ మీటింగు పెట్టినా చివరికి సిస్టరమ్మ గుంట దగ్గరికే వచ్చేవారు. దోమలు అక్కడివే, జ్వరాలు అక్కడివే, రాత్రంతా కూసి నిద్ర చెడగొట్టే నీటికోళ్లూ అక్కడివే. ఒక వానాకాలం మా పాపకి డెంగీ వచ్చింది. పాప ఆసుపత్రిలో ఉంటే ఇక్కడ అందరూ కలిసి గుంట పూడ్చేయాలని తీర్మానం చేసేశారు. మా ఆయన కూడా ఔనన్నాడు. బిడ్డ మంచాన పడి ఉంటే ఏ తండ్రయినా అంతే కదా, ఆ ఔనుని నేను తప్పు పట్టను.

సిస్టరమ్మ పాప మంచం దగ్గర మాతో పాటే కూర్చుంది. పాప లేచి తిరిగాక, ప్రెసిడెంటు గారిని, ఇంకో నలుగురిని పిలిచి గుంటలో గ్లాసు ముంచి చూపించింది. అందులో దోమల్ని తినే తూనీగ పిల్లలు తప్ప దోమపిల్ల లేదు. తరవాత అందరినీ మా మేడమీదికి, అక్కణ్ణించి ప్రెసిడెంటు గారింటికి తీసుకెళ్లింది. నేను మురిపెంగా పెంచుకుంటున్న క్రోటన్ కుండీల కింద పళ్లేలలో, వెంకట్రామయ్య గారింటి ఫ్రిజ్ వెనకాల తట్టలో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. తీర్మానం అటకెక్కింది. ఆయన ఓడిపోయాననుకున్నారో, సిస్టరమ్మకి రుణపడ్డాననుకున్నారో నాకు తెలీదు. తరవాత ఆయన చేసిన ఘనకార్యం చూస్తే రెండోదే అనిపిస్తుంది, అదే ఇంకా దారుణం.

ఆ మరుసటి ఏడాది సిస్టరమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. లకుముకి పిట్టని రెక్కల చప్పుడుతో పోల్చుకునేది, కొంగ వచ్చిందా అని నన్ను అడిగేది. ఆపరేషను చేయించుకోమంటే ఏళ్ల తరబడి వాయిదా వేస్తూనే వచ్చింది, ఊళ్లో అందరికీ చేయించిన మనిషి. తొలకరి పడగానే మాత్రం తనే బయల్దేరింది. తుంగ మొదట్లో నీటికోడి గుడ్లు పెట్టిందని నేనే చెప్పాను. తెల్ల రొమ్ము, పొట్టి తోక ఎగరేసుకుంటూ నడిచే ఆ జంటని ఆవిడ ఎన్నో ఏళ్లుగా ఎరుగును. కానీ పిల్లలు బొగ్గుముక్కల్లా నల్లగా ఉంటాయి, నల్లటి బురదలో తిరుగుతాయి, మసక కళ్లకి ఆనవు. “ఈసారి ఆటిని సూడాలమ్మా. అందుకే కన్ను కోయించుకుంతన్నాను. సీరియల్ సూడ్డానికి కాదు” అంది.

ఆపరేషనయ్యాక అనకాపల్లిలో చెల్లెలి ఇంట్లో ఉంది. అదే సమయానికి మా అత్తగారికి కాలు విరిగి నేను పాపతో అమలాపురం వెళ్లాను. తిరుగు ప్రయాణంలో అనకాపల్లిలో దిగి ఆవిడని వెంటబెట్టుకుని వచ్చాను. దారి పొడుగునా ఆవిడ నల్లకళ్లద్దాలు కొద్దిగా ఎత్తి చెట్టుకొమ్మల చివర ఆకుల్ని చూస్తూనే ఉంది. ఆకుకి అంచుంటుందన్న సంగతి మర్చిపోయానంది. ఇంటి దగ్గర ఆటో ఆగేసరికి గేటు ముందు షామియానా, మైకు, కుర్చీలు. వెంకట్రామయ్య గారు దండతో ఎదురొచ్చారు. ఆడవాళ్లు హారతి పట్టారు. ఏమిటిదంతా అని మా ఆయన్ని అడిగితే, “సర్‌ప్రైజు” అన్నాడు, ముఖం వెలిగిపోతూ.

సరాసరి పెరట్లోకి నడిపించారు. గుంట లేదు. ఉన్న చోట నీలం టైల్స్ అంచుతో సిమెంటు తొట్టి, మధ్యలో ప్లాస్టిక్ హంస, దాని ముక్కులోంచి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. గట్టు మీద పచ్చగడ్డి తివాసీ. తుంగ లేదు, కలువ లేదు. బ్లీచింగ్ వాసనకి నాకు దగ్గొచ్చింది. వెంకట్రామయ్య గారు మైకు పట్టుకున్నారు. ప్రజారోగ్యానికి జీవితం ధారపోసిన మేడం గారికి కాలనీ తరఫున చిరుకానుక అన్నారు. పంపు పెట్టి తోడినవాళ్లకి, బురద మోసినవాళ్లకి పేరుపేరునా ధన్యవాదాలు చెప్పారు. మోటారు సమకూర్చిన వ్యక్తిగా మా ఆయన పేరు రాగానే చప్పట్లు కొట్టారు. శాలువా తెచ్చి సిస్టరమ్మ భుజాల మీద కప్పారు.

ఆవిడ కళ్లద్దాలు తీసింది. తీయకూడదని డాక్టరు చెప్పాడు, ఆ సంగతి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. కొత్త కంటితో ఆ తొట్టిని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. “నీటికోడేదీ?” అని అడిగింది. వెంకట్రామయ్య గారు నవ్వుతూ, “తరిమేశామండి. ఇక మీకు ఆ కూతల బాధ లేదు” అన్నారు. అప్పుడు సిస్టరమ్మ మైకు అక్కర్లేని తన గొంతుతో అన్న మాట అక్కడున్న ప్రతి ఒక్కరూ విన్నారు. “రావయ్య గారూ, ఆసుపత్రిలో సచ్చిపోయినోల మంచాల కింద బ్లీచింగ్ ఏసీవోలం. బతికున్న సోట ఎవులేస్తారండి?”

ఆయన్ని ఆవిడ ఎప్పుడూ అలాగే పిలిచేది, సగం పేరుతో, ఆప్యాయంగా. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. బురద ఎక్కడ పోశారని మాత్రం అడిగింది. గెడ్డ గట్టున పోశారట. శాలువాతోనే నడిచి వెళ్లింది. నేను పాపని మా ఆయన చేతుల్లో పడేసి వెనకాలే వెళ్లాను. ఎండకి పెచ్చులు కట్టిన బురద, అందులో తెల్లబడ్డ చేపలు, ఎండిన కలువ దుంపలు. తుంగ కుప్పలో గూడు అలాగే ఉంది, గుడ్లు నలిగిపోయి ఉన్నాయి. లోపల పిల్లలు దాదాపు తయారయ్యాయి. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో బురద తవ్వాం. అడుగున తడి మిగిలిన చోట ఒక తాబేలు బతికి ఉంది. కొన్ని కప్పలు, గుప్పెడు నత్తలు. సిస్టరమ్మ శాలువా విప్పి వాటిని అందులో మూట కట్టింది. కంట్లో బురద పడుతుందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఆవిడ వినలేదు.

కాలనీ వాళ్లకి కోపమొచ్చింది. అవును, వాళ్లకే. శాలువాని బురదగుడ్డ చేసిందట, పెద్దమనిషిని పదిమందిలో అవమానించిందట. మంచికి పోతే చెడ్డ ఎదురైందని వెంకట్రామయ్య గారు వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదట. క్షమించమని ఒక్కరంటే ఒక్కరు ఆ గడప తొక్కలేదు. ఎవరింట్లో దేవుడి గదినైనా అడక్కుండా కడుగుతామా? ఎవరి వంటింట్లో పోపుల డబ్బానైనా సర్దుతామా? ఒక మనిషి ఊళ్లో లేనప్పుడు ఆవిడ పెరట్లో చొరబడి, ఏ పిల్లల్ని చూడాలని ఆవిడ కన్ను కోయించుకుందో ఆ పిల్లల్నే నలిపేసి, దండ వేసి, ఫొటో తీయించుకుని, మళ్లీ అలుగుతారా? ఆ రాత్రి మా ఆయనతో నేను మాట్లాడిన మాటలు రాయదగ్గవి కావు. ఆయన తప్పు తెలుసుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మర్నాడు గునపం పట్టుకుని సిమెంటు బద్దలుకొట్టిన మొదటి చెయ్యి ఆయనదే. అయినా చప్పట్లకి వెలిగిన ఆ ముఖం నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తూనే ఉంటుంది.

సిమెంటు పెళ్లగించాం. బ్లీచింగ్ పట్టిన పైమట్టి తీయించి, తాబేలునీ కప్పల్నీ అంతదాకా తొట్టెల్లో దాచి, వానల కోసం ఎదురుచూశాం. చేపలు కొనుక్కొచ్చి వదులుదామని, చెరువులోంచి తుంగ పీక్కొచ్చి నాటుదామని నేను తొందరపడితే సిస్టరమ్మ ఒప్పుకోలేదు. “సోటుంటే అయ్యే వత్తాయి. తెచ్చి పెట్టడానికి ఇదేటి పెళ్లి ఇల్లా?” అంది. వచ్చాయి కూడా. నీటిమీద పరిగెత్తే పురుగులు, ఆ వెనక తూనీగలు, మరో వానాకాలానికి గట్టున పచ్చగా తుంగ మొలకలు. నీటికోడి మాత్రం రాలేదు. ఆవిడ రోజూ స్టూలు మీద కూర్చుని, కొత్త కంటితో, ఏమీ లేని ఆ తుంగ మొదలుని చూసేది. నేను పక్కన కూర్చుని పళ్లు నూరుకునేదాన్ని. ఆ చలికాలంలో సిస్టరమ్మకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. సంతాపసభ పెట్టి ఆవిడ ప్రకృతి ప్రేమికురాలని వెంకట్రామయ్య గారు చెప్పబోతుంటే నేను లేచి బయటికి వచ్చేశాను. ఇల్లూ పెరడూ ఇప్పుడు ఆవిడ మేనల్లుడివి, అతనికి పరవాడలో ఉద్యోగం. గుంట జోలికి రానని మాటిచ్చాడు, అది చూసుకునే పని నాకప్పగించాడు. ప్రతి ఎండాకాలం తుంగ సగం కోస్తాను, కుప్పని నీటి అంచున ఒక రాత్రి ఉంచుతాను.

నీటికోడి తిరిగి వచ్చింది. ఈ ఏడాదే. వానలు పడ్డాక తుంగలోంచి తల్లి వెనక వరసగా నల్లటి పిల్లలు బయటికి వచ్చాయి. పక్క మేడమీంచి ఎవరో చూసి కాలనీలో చెప్పినట్టున్నారు. ఒక సాయంత్రం వెంకట్రామయ్య గారు చేతికర్ర ఊతంతో పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు ఆయన ప్రెసిడెంటు కారు, నడక తగ్గిపోయింది. చూడొచ్చా అమ్మా అని అడిగారు. నేను స్టూలు మీంచి లేచి ఆయన్ని కూర్చోబెట్టాను. మాట్లాడకూడదని చెప్పాను. చీకటి పడేదాకా పిల్లలు ఆకుల మీద నడవడం, జారి నీళ్లలో పడడం, తల్లి పిలిస్తే తుంగలోకి పరిగెత్తడం చూస్తూ ఉండిపోయారు.

అవి లోపలికి వెళ్లిపోయాక, నెమ్మదిగా, “సిస్టరు గారు ఆ తరవాత ఎప్పుడైనా చూశారా అమ్మా, ఈ పిల్లల్ని?” అని అడిగారు.

చూశారనొచ్చు. ముసలాయన, పోనీలే అనుకోవచ్చు. మా ఆయన మేడమెట్ల మీంచి నాకేసి చూస్తున్నాడు, ఏమంటానో అని.

“లేదండి. చూడలేదు” అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. నేను ఓదార్చలేదు.